చిన్నమాటల ఆయమ్మ

పదకొండు ఇళ్ళవాళ్ళు ఒక మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి వెనక్కి పంపేశారు. ఎందుకు పంపారో ఆ పదకొండు ఇళ్ళవాళ్ళకూ తెలుసు. కారణం నాలుగు వరుసల ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ కాగితాన్ని ఆమే తన రెండు చేతులతో వాళ్ళకు అందించేది. ఆమెకు చదువు రాదు. చదవడం వచ్చిన నేను, అందులో ఏముందో తెలిసి కూడా ఆమెకు చెప్పలేదు. ఆ పదకొండు ఇళ్ళలో చివరి ఆరూ నా పాపం.

ఇన్నాళ్ళకు ఇది ఎందుకు రాస్తున్నానో చెబుతాను. మొన్న మా పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో ఒక పఠనాలయం వార్షికోత్సవం చేశారు. ముసలివాణ్ణి గదా, నన్ను వేదిక ఎక్కించారు. అధ్యక్షుడు ఎవరో కాలేజీ పంతులు. నన్ను చూపించి, "బడి గడప తొక్కకుండా, ఎవరి సాయమూ లేకుండా, తనంతట తానే ఇంగ్లీషు నేర్చుకుని ఓడల కంపెనీలో పెద్ద గుమాస్తా అయిన మహనీయుడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. కాదని చెబుదామని లేచాను. దగ్గు తెర వచ్చింది. అది తగ్గేలోగా మెడలో దండ వేశారు, వందన సమర్పణ అన్నారు, కుర్చీలు తీసేశారు. సభలో చెప్పడానికి వీలు కానిది కాగితం మీదనైనా చెప్పుకోవాలి.

అక్షరాలు నా అంతట నేను నేర్చుకున్న మాట నిజమే. గుడ్డల మూటల మీద ముద్రలు, రైలు స్టేషను పలకలు, మందు సీసాలకు అంటించిన కాగితాలు, ఇవే నా బడి. కానీ అక్షరాలు వచ్చినంత మాత్రాన ఇంగ్లీషు వస్తుందా? పేర్లూ పనులూ నిఘంటువులో దొరుకుతాయి. వాటిని ఒకదానితో ఒకటి అతికించే పిసరంత మాటలున్నాయే, ఇన్, ఆన్, ఎట్, టు, ఫర్, బై, వాటి దగ్గరే మాలాంటివాళ్ళ బండి దిగబడిపోయేది. పుస్తకంలో ఒక్కో మాటకు పది అర్థాలిచ్చి ఊరుకుంటారు. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు లేడు. ఆ రోజుల్లో పుదుచ్చేరిలో బడి అంటే ఫ్రెంచి బడి. కడలూరు రేవులోనో, మద్రాసు రైల్వేలోనో, తెల్ల ఇంజనీర్లున్న మా ఊరి మిల్లులోనో ఉద్యోగం కోరేవాడికి ఇంగ్లీషు కావాలి. నేతగాళ్ళ పిల్లలకు అది ఎవరు చెబుతారు?

ఆయమ్మ చెప్పింది.

మద్రాసులో ఒక ఇంగ్లీషు దొర ఇంట్లో ఆమె ఆరేళ్ళు ఆయాగా చేసింది. ఆ దొర ఇంట్లో ఆడపిల్ల పుట్టిన రోజున చేతుల్లోకి తీసుకుని, ఆరేళ్ళు పెంచి, ఓడ ఎక్కించి, మా వీధిలో ఉన్న తమ్ముడి ఇంటికి తిరిగొచ్చింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పొట్టి మనిషి. తెల్లచీర కుచ్చిళ్ళు కత్తితో కోసినట్టు ఉండేవి. పమిటకు భుజం మీద పిన్నీసు గుచ్చుకునేది. మా ఆడవాళ్ళు దాన్ని చూసి "దొరసాని అయిపోయిందమ్మా" అని మూతి తిప్పేవాళ్ళు. ఆమె వినిపించుకునేది కాదు. తమ్ముడి ఇంటి తిన్నె మీద తెల్లవారి మిల్లు కూత వేసేలోగా ఒక గంటసేపు పాఠం. నేను, మిల్లులో పనిచేసే గోవిందు, ఇంకో ఇద్దరు ముగ్గురు. ఏమీ తీసుకునేది కాదు. తమలపాకులు తెస్తే మాత్రం వద్దనేది కాదు.

మమ్మల్ని తిన్నె మీద కూర్చోబెట్టి తాను కింద నిలబడేది. గురువు నిలబడి శిష్యులు కూర్చోవడం బాగుండలేదని నేను ఒకసారి లేచాను.

"కూర్చో తంబీ. నాకు కూర్చుంటే ఇంగిలీసు రాదు. నేను నేర్చిందంతా నిలబడే" అంది.

వేళాకోళం అనుకున్నాం. కాదు. నిజంగానే ఆమెకు కూర్చుంటే ఒక్క ముక్క వచ్చేది కాదు.

వ్యాకరణం అనే మాటే ఆమెకు తెలియదు. ఈ పిసరంత మాటలకు ఆమె పెట్టుకున్న పేరు చిన్నమాటలు. ఏ చిన్నమాట ఎక్కడ పడుతుందో సందేహం వస్తే రెండు వేళ్ళు గొంతు మీద ఆనించి కళ్ళు మూసుకునేది. పెదవులు కదిలేవి. తరవాత నడుము నిటారుగా చేసి, గొంతు మార్చి, దొరసాని గొంతుతో ఆ వాక్యం పలికేది. పలికి, "ఆ, ఇదే. ఇంకోటి పెడితే నోటికి అడ్డం తగులుతాంది" అనేది. ఆమె గొంతులో ఒక ఇల్లు ఇల్లంతా ఉండేది. దాని తలుపు తెరిచి లోపల ఎవరు ఏమంటున్నారో విని వచ్చి మాకు చెప్పేది.

మొదటి రోజు చెప్పింది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మన చిన్నమాట అమ్మ కొంగు పట్టుకోని యెనకాల వచ్చే బిడ్డ. ఇంట్లో, బల్లమీద, ఊరికి, చూసినావా, యెనకాలే వస్తది. వాళ్ళ చిన్నమాట డవాలీ కట్టిన జవాను. దొరకి ముందర నడుస్తాడు. జవాను రాకుండా దొర రాడు. నువ్వు ఇంగిలీసు మాట్లాడేటప్పుడు బిడ్డని దించేసి జవాన్ని పిలువు."

గోవిందుకు జవాను అంటే భయం. మిల్లు మేనేజరు తనను తిట్టిన సంగతి చెప్పబోయి "మేనేజర్ ఈజ్ యాంగ్రీ ఆన్ మీ" అన్నాడు.

"ఏందీ? నీ నెత్తినెక్కి కూర్చున్నాడా?"

"లేదాయమ్మా. నా మీద కోపం."

"మన కోపం మీద పడతది, సరి. వాళ్ళ కోపం మీద పడదురా. కూడా వస్తది. విత్ మీ. చెప్పు."

"విత్ మీ. ఏం కోపమో ఏమో, కూడా వచ్చి ఇంట్లో అన్నం తింటాడా ఆయమ్మా?"

"తింటాడు. నువ్వు చిన్నమాట తప్పితే రోజూ వచ్చి తింటాడు."

ఫర్, సిన్స్ అనే రెండింటి దగ్గర మేమంతా కట్టకట్టుకుని పడ్డాం. మన 'నుంచి' ఒక్కటే. రెండేళ్ళ నుంచి, దీపావళి నుంచి. రెంటికీ ఫ్రమ్ పెట్టేవాళ్ళం. ఆమె వీధి వైపు చూసింది. తెల్లవారగానే మా వీధిలో పడుగు సాగదీసేవాళ్ళు. వీధి ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ, మధ్య నూలు. "అదో చూడు. దీపావళి అంటే గుంజ. ఒకే చోట పాతిండాది. గుంజకి సిన్స్. ఆడ కట్టి ఈడిదాకా లాగు. రెండేళ్ళు అంటే చుట్ట. చుట్టిన నూలు మొత్తం చేతిలో ఉండాది. చుట్టకి ఫర్." ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంత తేటగా చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి!

ఆమె ఉదాహరణలన్నిటిలోనూ ఒకే మనిషి. బేబీ. బేబీ ఈజ్ ఇన్ ది బాత్. బేబీ ఈజ్ అండర్ ది టేబుల్. బేబీ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ ది క్రో. డోంట్ షౌట్ ఎట్ ది బేబీ. వెయిట్ ఫర్ ది బేబీ. మేము కూడా అట్లాగే చదివేవాళ్ళం. మీసాలు వచ్చిన మగవాళ్ళం నలుగురం పొద్దున్నే తిన్నె మీద కూర్చుని బేబీకి స్నానం చేయించి, పాలు తాగించి, కాకి నుంచి కాపాడుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వేవాళ్ళు.

గోవిందు ఒకరోజు అడిగాడు. "ఇంతకీ ఆ బేబీ ఇప్పుడు యాడుంది ఆయమ్మా?"

"ఆన్ ది షిప్."

"నువ్వొచ్చి ఏడాది దాటిందే. ఇంకా ఓడలోనేనా?"

"నేను చూసింది అంతవరకే గదప్పా" అంది. గొంతు మారలేదు. వెంటనే అతణ్ణి ఇంకో వాక్యం అడిగింది.

ఇక ఆ కాగితం సంగతి. ఇంగ్లీషు ఇళ్ళలో పని మానేసేటప్పుడు దొరసాని ఒక యోగ్యతాపత్రం రాసి ఇవ్వడం ఆచారం. బట్లర్లు, వంటవాళ్ళు, ఆయాలు దాన్ని 'కారెట్టరు' అనేవాళ్ళు. ఇంకో ఇంటికి పోతే ముందు కారెట్టరు చూపించాలి. తరవాతే మాట. ఏ రాతా చదవలేనివాళ్ళు ప్రాణంలాగా దాచుకునేవి అవే. ఆయమ్మ తన కాగితాన్ని మైనపు గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్న సంచిలో పెట్టుకునేది. ఆమెకు దానిమీద గొప్ప గర్వం. "మామూలు ఆయాకి రెండు వరసలు రాస్తారు. నాకు నాలుగు రాసింది మా అమ్మగారు. తానే కూర్చోని, తన చేత్తో" అనేది. వరుసలు ఎక్కువైతే మెప్పు ఎక్కువ అని ఆమె లెక్క. పొడుగుని బట్టి రాతకు విలువ కట్టుకోవడం చదువురాని మా వీధిలో ఎవరైనా చేసే పొరపాటే.

కానీ పని దొరకలేదు. మిల్లు ఇంజనీర్ల ఇళ్ళు ఉన్నాయి, కడలూరులో దొరల బంగళాలు ఉన్నాయి. నేను ఆమె దగ్గర చేరేనాటికే అయిదు ఇళ్ళు తిరిగింది. ఇంగ్లీషు ఇంత బాగా మాట్లాడే ఆయా చుట్టుపక్కల ఎక్కడా లేదు. వెళ్ళేది, వంగి దణ్ణం పెట్టేది, నోరు తెరవకముందే కాగితం అందించేది. వాళ్ళు చదివేవాళ్ళు. మొదట ముఖం విప్పారేది. కింది వరుసకు వచ్చేసరికి ముఖం మూసుకునేది. మర్యాదగా మడిచి ఇచ్చేసి "ఇప్పుడు అవసరం లేదు" అనేవాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు ఎందుకో చెప్పలేదు. అదీ వాళ్ళ మర్యాద! కడుపు కొట్టడానికి తప్పులేదు గానీ కారణం చెప్పడం మాత్రం అమర్యాద.

ఒకరోజు పాఠం అయ్యాక మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె కాగితం తీసి నా చేతికిచ్చింది.

"నువ్వు అచ్చరాలు చదవతావు గదా తంబీ. మా అమ్మగారు నన్ను ఎంత పొగిడిందో చదివి వినిపీ. ఇన్నాళ్ళూ చూపిస్తానే ఉండాను, వినిందే లేదు."

చదివాను. మీకోసం తెలుగులో చెబుతాను. "ఈ ఆయా మా ఇంట్లో ఆరేళ్ళు పనిచేసింది. నిజాయితీ గలది, శుభ్రమైనది. ఇంగ్లీషు మనలాగే మాట్లాడుతుంది. మీ బిడ్డ మీ బిడ్డగా ఉండాలనుకుంటే ఈమెను మీ గడప తొక్కనివ్వకండి."

ఆమె నా ముఖం వైపే చూస్తూ ఉంది. పొగడ్త వినడానికి సిద్ధమైన ముఖం.

ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. ఇంకో పదిహేను రోజుల్లో నాకు ఓడల కంపెనీలో పరీక్ష. తెల్లదొర ఎదురుగా కూర్చుని అడుగుతాడు, జవాబు చెప్పాలి. నాకు ఇంకా ఎట్ కూ ఇన్ కూ తేడా కుదరలేదు. ఈమెకు ఈ మాట చెబితే ఈ తిన్నె మీద రేపు పాఠం ఉండదు. అంత ఆలోచన ఆ ఒక్క నిమిషంలో చేశాను. చేసి, మొదటి మూడు వరుసలూ ఉన్నట్టే చదివాను. నాలుగో వరుసకు నా సొంతంగా ఒకటి కల్పించాను. "ఈమె ఉన్న ఇల్లు అదృష్టం చేసుకున్న ఇల్లు."

ఆమె ఆ మాటను నాచేత రెండుసార్లు చెప్పించుకుంది. కాగితం మడిచి కళ్ళకు అద్దుకుంది.

పరీక్షలో నెగ్గాను. దొర అడిగిన ప్రతి ప్రశ్నకూ బేబీని తీసేసి ఆ స్థానంలో మూటలూ ఓడలూ పెట్టి జవాబు చెప్పాను. చివర ఆయన మెచ్చుకుంటూ, "నీకు ఇంగ్లీషు ఎవరు నేర్పారు?" అన్నాడు. ఒక ఆయా నేర్పిందని చెప్పడానికి సిగ్గేసింది. "ఎవరూ లేరు సార్. నేనే నేర్చుకున్నాను" అన్నాను. పఠనాలయంలో ఆ పంతులు అన్న మాట పంతులు కల్పించింది కాదు. అది నేను పుట్టించిందే.

ఉద్యోగం వచ్చాక చెప్పవచ్చు గదా అంటారు. చెప్పాలనే అనుకున్నాను. చెబితే, అప్పుడు చదివి దాచావన్న మాట కూడా ఒప్పుకోవాలి. ఇవాళ కాదు రేపు అనుకునేవాణ్ణి. ఈలోగా ఆమె ఇళ్ళు తిరుగుతూనే ఉంది. ఇప్పుడు కాగితంలో ఏముందో తనకు తెలుసు గదా, కాబట్టి లోపం తనలోనే ఉందనుకుంది. ఒక ఇంట్లో కాదన్నాక "నా పళ్ళు ఎర్రగా ఉండాయి, దొరసాని చూసింది" అని తాంబూలం మానేసింది. ఇంకోచోట కాదన్నాక "నడిచిపోయి చెమటతో నిలబడినా, అందుకే" అని, అప్పటినుంచి ఎండ ఎక్కకముందే బయలుదేరేది. మరోచోట, వయసు ఎక్కువ కనిపిస్తోందని జుట్టుకు మసి రాసుకుంది. నేను తెచ్చిన తమలపాకులు పక్కన పెట్టి "వద్దు తంబీ, పని దొరికినాక తింటా" అన్న రోజు నేను ఆఫీసుకు వెళ్ళి ఉదయమంతా ఒక్క అక్షరం రాయలేకపోయాను. అయినా చెప్పలేదు. అట్లా ఆరు ఇళ్ళు.

పన్నెండో ఇల్లు మాత్రం ఆమెను లోపలికి రానిచ్చింది. అది కాలువకు అవతల, తెల్లవాళ్ళ వీధిలో, ఒక ఫ్రెంచి దొర ఇల్లు. ఆ ఇంటి దొరసాని మదాముకు తన కొడుక్కి చిన్నప్పుడే ఇంగ్లీషు పట్టుబడాలని కోరిక. ఆయమ్మ అలవాటు ప్రకారం వంగి దణ్ణం పెట్టి కాగితం అందించింది. మదాముకు ఇంగ్లీషు చదవడం రాదు. పైన అచ్చు అక్షరాల్లో ఉన్న మద్రాసు దొర కంపెనీ పేరు చూసింది, కింద దొరసాని సంతకం చూసింది, బాగుందని తల ఊపింది. ఆ కాగితం చూసి ఆమె మంచిదని నమ్మిన ఇల్లు, దాన్ని చదవలేని ఇల్లు ఒక్కటే!

పధ్నాలుగు నెలలు అక్కడ చేసింది. ఆదివారాలు మదాము వాళ్ళు చర్చిలో పూజ చూసుకుని వచ్చేలోగా మా వీధికి వచ్చేది. పళ్ళు మళ్ళీ ఎర్రగా ఉండేవి. ఆ పిల్లవాడికి మూడేళ్ళు. "వాడికి 'ఇన్‌టు' వచ్చేసింది. వీధి కుక్కని చూపించి 'ఇన్‌టు ది హౌస్' అంటాడు. రానీకుండా కొడితే ఏడస్తాడు" అని నవ్వేది. నాకు గుండె బరువు దిగిపోయింది. ఇక చెప్పనక్కరలేదనుకున్నాను. దేవుడు నన్ను క్షమించి ఆమెకు చదవడం రాని దొరసానిని చూపించాడనుకున్నాను.

ఒకరోజు ఆ ఇంటికి మిల్లు ఇంజనీరు ఒకడు భార్యతో టీకి వచ్చాడు. పిల్లవాడు ఇంగ్లీషులో పలకరించాడు. మదాము మురిసిపోయి, మా ఆయా మహిమ అంది. ఆయాను పిలిచి, ఆ కాగితం తెమ్మని, అందులో ఏముందో చదివి చెప్పండి అని అతిథి చేతికిచ్చింది. ఆయమ్మ తన సంచిలోంచి తానే తీసి ఇచ్చింది. అతను పైకి చదివాడు. ఫ్రెంచిలో చెప్పాడు. ఇంగ్లీషులో చదివినప్పుడు ఆయమ్మ పిల్లవాడి వెనకాలే నిలబడి ఉంది.

నాకు ఇదంతా తరవాత తెలిసింది. ఆ మధ్యాహ్నం నేను ఇంటి తిన్నె మీద ఉన్నాను. ఆమె వీధి మలుపు తిరిగి వస్తోంది. చేతిలో బట్టల మూట. నా ముందుకు వచ్చి నిలబడి ఆ కాగితం చాపింది. పాఠం లేని వేళల్లో ఆమె నాతో తెలుగు తప్ప మాట్లాడి ఎరగదు. ఆ రోజు ఇంగ్లీషులో అంది.

"రీడ్ ఇట్ టు మీ."

చదివాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు.

"కడాపటి వరస మళ్ళా" అంది తెలుగులో.

మళ్ళీ చదివాను. రెండు వేళ్ళు గొంతు మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నది. దొరసాని గొంతులో ఆ వాక్యాన్ని తనలో తాను పలికి చూసుకుంటోందని నాకు అర్థమైంది. కళ్ళు తెరిచింది.

"చిన్నమాటలన్నీ సరిగ్గా పెట్టింది" అంది.

నేను ఏడుస్తున్నాను. "ఆయమ్మా, నేను అప్పుడే..."

"తెలుసు. అప్పుడు నీకు పరీచ్ఛ ఉండె గదా" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. మా వీధి ఆడవాళ్ళు తిట్టే తిట్లలో సగం తిట్టినా ఈపాటికి మర్చిపోయి ఉండేవాణ్ణి. నా తప్పుకు నాకంటే ముందే ఒక సాకు వెతికి పెట్టింది. దాన్ని నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను.

"ఆ అమ్మగారికి రాయి" అంది తరవాత. "కాగితం మార్చియ్యమని నేను అడగను. నేనేం తప్పు చేసినానో చెప్పమను. ఆరేళ్ళలో ఏ రోజు, ఏ పని. అది చెప్తే చాలు."

కాగితం, సిరా తెచ్చుకుని తిన్నె మీద కూర్చున్నాను. ఆమె కింద నిలబడి ఇంగ్లీషులో చెప్పింది. నేను రాశాను. అందులో నా మాట ఒక్కటీ లేదు. "అమ్మగారికి మీ ఆయా దణ్ణం పెట్టి రాయించడం" అని మొదలుపెట్టి, బేబీకి పళ్ళు ఎట్లా ఉన్నాయి, దగ్గు తగ్గిందా అని అడిగి, ఆ తరవాతే తన ప్రశ్న అడిగింది. ఆ ఉత్తరంలో కోపం లేదు. ఉండవలసినంత కోపం నాకు ఉంది, కానీ కలం నాది గానీ ఉత్తరం ఆమెది. కాగితం పైన అచ్చువేసి ఉన్న దొర కంపెనీకి, మద్రాసు చిరునామాకు పంపాను.

మళ్ళీ ఏ ఇంటికీ వెళ్ళలేదు. మిల్లులో దూది ఏరే పనికి చేరింది. అంత నిటారు మనిషి, నేల మీద కూర్చుని రోజంతా దూదిలో గింజలూ ఆకులూ ఏరేది. పొద్దున పాఠం మాత్రం మానలేదు. నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి, ఉద్యోగస్థుణ్ణయినా. ఒక్కటే మార్పు. ఆ మధ్యాహ్నం తరవాత ఆమె వాక్యాల్లో బేబీ లేదు. ది లైమ్ ఈజ్ ఇన్ ది పాట్. ది లైమ్ ఈజ్ అండర్ ది ప్లాంక్. నిమ్మకాయ ఒకటి తెచ్చి చెంబులో వేసేది, పీట కింద పెట్టేది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు అందులో ఏ లోటూ కనబడలేదు. గోవిందు ఒకసారి పాత అలవాటున "వెయిట్ ఫర్ ది బేబీ" అన్నాడు. ఆమె దిద్దబోయి, ఆగి, "సరిగ్గానే చెప్పినావు. అయినా నిమ్మకాయని పెట్టు" అంది.

"నిమ్మకాయ కోసం ఎవురు కాచుకుంటారు ఆయమ్మా?" అన్నాడు వాడు.

ఆమె ఆ రోజు పాఠం అంతటితో ఆపేసింది.

కాగితాన్ని చించెయ్యమని నేను ఒకసారి అన్నాను. "యాల చించాలి? ఆ ఇంటిది నా దగ్గర ఉండేది ఇదొకటే" అంది. మైనపు గుడ్డ పాతబడితే కొత్తది కొని చుట్టింది.

వారానికొకసారి అడిగేది. "ఏమన్నా వచ్చిందా?" లేదనేవాణ్ణి. "దూరం గదా, ఓడలో రావల" అనేది. మూడేళ్ళు అట్లా అడిగింది. దూది నుసి రొమ్ముకు పట్టింది. దగ్గు మొదలైంది. చివరి రోజుల్లో తమ్ముడి ఇంటి వసారాలో పడుకుని ఉండేది. నేను వెళితే లేవాలని చూసేది. వద్దు పడుకో అంటే, "పడుకోని నీతో ఏం మాట్లాడను" అనేది. పోయే ముందు వారం కూడా అదే ప్రశ్న. "వచ్చిందా?" ఆ రోజు నాకు ఒక ఆలోచన వచ్చింది. వచ్చింది ఆయమ్మా, నీ తప్పు ఏమీ లేదని రాసింది అని చెప్పవచ్చు. ఒకప్పుడు ఒక వరుస కల్పించినవాణ్ణే గదా. నోరు రాలేదు. నేను ఈసారి ఏం చదివినా ఆమె నమ్మదు. నమ్మినట్టు కనబడుతుంది, నా కోసం. అది నేను భరించలేను. "లేదు" అన్నాను. తల ఊపింది.

తమ్ముడు ఆ కాగితాన్ని ఆమెతో పాటే కాటికి పంపించేశాడు. అడిగి తీసుకుని ఉండవలసింది. నాకు ఆ ధైర్యం కూడా లేకపోయింది.

ఆమె పోయాక కూడా ఏడాదికొక ఉత్తరం రాస్తూనే వచ్చాను. మధ్యలో యుద్ధం వచ్చింది, టపా ఆగింది, మళ్ళీ సాగింది. ఓడల కంపెనీలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ దొర ఇంగ్లండులో ఏ ఊళ్ళో ఉన్నాడో ఆరా తీసి, చిరునామా మార్చి రాశాను. ఆమె అడగనన్నది కూడా అడిగాను. తప్పేమిటో చెప్పండి, తప్పు లేకపోతే ఆ కాగితం మార్చి కొత్తది రాసి పంపండి అని. ఆమె చనిపోయిన సంగతి మాత్రం ఏ ఉత్తరంలోనూ రాయలేదు. రాస్తే ఇక అవసరం లేదని ఊరుకుంటారు. ప్రతి ఉత్తరంలోనూ "మీ ఆయా మీ జవాబు కోసం కాచుకుని ఉన్నది" అనే రాశాను.

ఆమె పోయిన అయిదో ఏట ఆఫీసుకు టపా వచ్చింది. లావుపాటి తెల్లని కవరు. చెయ్యి తిరిగిన రాత. ఆమె వినవలసిన జవాబును నేను ఒక్కణ్ణే, మూటల మధ్య నిలబడి చదివాను. తెలుగు చేసి ఇక్కడ రాస్తున్నాను. కూడికా లేదు, తీసివేతా లేదు.

"అయ్యా, మీ ఉత్తరాలు చాలా చోట్ల తిరిగి నన్ను చేరాయి. మా ఆయా అడిగినదానికి జవాబివ్వడం న్యాయం. ఆమె వల్ల మాకు ఎన్నడూ ఏ ఇబ్బందీ కలగలేదు. ఓడ ఎక్కే ముందురోజు మా అమ్మాయికి జ్వరం తగిలింది. నేను ఎత్తుకోబోతే నన్ను తోసేసి ఆయా కావాలని ఏడ్చింది. ఆ కోపంలో ఆ కాగితం రాశాను. సాయంత్రానికి కోపం తగ్గింది. మరొకటి రాసి ఇద్దామనుకున్నాను గానీ సామాను కట్టే తొందరలో మరిచిపోయాను. దానివల్ల ఇంత జరుగుతుందని ఊహించలేదు. మా అమ్మాయి క్షేమంగా ఉంది. ఇండియా సంగతులేవీ దానికి గుర్తు లేవు. మీరు కోరినట్టు కొత్త యోగ్యతాపత్రం సంతోషంగా రాసి పంపుతాను. అందులో రాయడానికి ఆమె పేరు కావాలి. ఎంత ఆలోచించినా నాకు జ్ఞాపకం రావడం లేదు. ఇంట్లో అందరం ఆయా అనే పిలిచేవాళ్ళం. దయచేసి తిరుగు టపాలో ఆమె పేరు తెలియజేయగలరు."